సర్కారు పొత్తిగుడ్డలు

మా ఊరి పెద్దచెరువును పక్షుల కోసమని బాగుచేసిన ఏడాదే పక్షులు ఆ చెరువుకి రావడం మానేశాయి.

అంతకు ముందు ఏటేటా వచ్చేవి. చెరువు నిండా నల్లతుమ్మ చెట్లు మొలలోతు నీళ్ళలో నిలబడి ఉండేవి. ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ చలికాలం ముందు ఎక్కడి నుంచో వచ్చి, వాటి మీద గూళ్ళు పెట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరాక తీసుకుపోయేవి. వాటిని ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఊరు పెరిగి చెరువుకి నాలుగు వైపులా మేడలు లేచాక, ఇలా పిలవకుండా రావడమూ చెప్పకుండా పోవడమూ పద్ధతి కాదని పురపాలక సంఘం వారికి తోచింది. అతిథి పక్షుల ఆవాస విభాగమని ఒకటి తెరిచి, దానికి వైకుంఠరావు గారిని ప్రత్యేకాధికారిగా వేశారు.

వైకుంఠరావు గారు నిదానమైన మనిషి. ఎవరినీ కసరరు. అంతకు ముందు ఆయన శ్మశానాల సుందరీకరణ చూసేవారు. అక్కడ ఉన్నవాళ్ళ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని ఆఫీసులో మంచి పేరుంది.

ఆయన చెరువు చూసి, ఇంటికొచ్చిన అతిథిని ముళ్ళ మీద కూర్చోబెట్టడం మన సంస్కృతి కాదన్నారు. తుమ్మలన్నీ కొట్టించారు. గట్టు చుట్టూ రాయి పరిచి, దాని మీద గళ్ళ టైల్సు వేయించారు. మధ్యలో రంగులు మారే ఫౌంటెను పెట్టారు. నీళ్ళలో సిమెంటు చెట్లు లేచాయి. వాటి కొమ్మలకి ఇనుప బుట్టలు బిగించి, ఒక్కో బుట్టకీ ఇంటి నెంబరు రేకు కొట్టారు. జనం పక్షి పక్కన నిలబడి ఫోటో దిగాలి కదా, అందుకని గట్టు నుంచి ప్రతి చెట్టు దగ్గరికీ ఒక వంతెన కూడా వేశారు. ఆ చెట్లు పోత పోసిన వాళ్ళలో మా ఆయన ఏడుకొండలు ఒకడు. ఆయనది సెంట్రింగ్ పని. ఇళ్ళకి స్తంభాలు లేపాను గానీ కొమ్మలు లేపడం ఇదే మొదలని ఇంటికొచ్చి నవ్వాడు.

పక్షులు వచ్చాయి. చెరువు మీద ఒక చుట్టు తిరిగాయి. ఫౌంటెను ఎరుపు నుంచి పచ్చకి మారింది. ఇంకో చుట్టు తిరిగాయి. పచ్చ నుంచి నీలానికి మారింది. ఆ తర్వాత అవి రైల్వే గేటు దాటి వచ్చి మా కుమ్మరిగుంటలో దిగాయి.

కుమ్మరిగుంట అంటే ఎప్పుడో కుండల మట్టి కోసం తవ్విన గుంట. ఇప్పుడు సగం ఊరి మురుగు అందులోకే వస్తుంది. ఆ నీళ్ళ మధ్య తుమ్మలు వాటంతటవే మొలిచి పెరిగాయి. గుంట గట్టు మీద ఒక వరసలో మావి రేకుల ఇళ్ళు. మా మామగారి కాలం నుంచీ ఉంటున్నాం. కరెంటు బిల్లు కడుతున్నాం, ఓట్లు వేస్తున్నాం. పట్టాలు మాత్రం లేవు. ఆఫీసు కాగితాల్లో మా వరస ఉన్నచోట ఖాళీ స్థలం అని ఉంటుందట. అందుకని గేటు దగ్గర జీపు ఆగిందంటే నేను ముందు పాపని ఎత్తుకుంటాను, ఎవరొచ్చారో ఆ తర్వాత చూస్తాను. పాపకి అప్పుడు ఏడో నెల. ఇల్లు పోతే ఆ బిడ్డని చంకన పెట్టుకుని ఏ గుమ్మం ఎక్కాలన్నది నాకు తెగని ఆలోచన.

మా అత్త మస్తానమ్మకి అలాంటి ఆలోచనలు లేవు. గుంట మీద తెల్ల రెక్కలు దిగడం చూసి, పసుపునీళ్ళ చెంబుతో ఎదురెళ్ళింది. మా వైపు ఆ కొంగల్ని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలంటారు. పిల్లలకి రెక్కలొచ్చి వాటంతటవి బయల్దేరే దాకా వాటిని ఎవరూ అదిలించరు, ఆ చెట్ల మీదకి రాయి వెయ్యరు.

"చెరువుగట్టోళ్ళు పుట్టిల్లు పీకి టైల్సు ఏసుకున్నారు. పిల్లలు మన గుమ్మానికొచ్చారు" అంది మా అత్త.

నాకు ఆ రావడమే భయంగా ఉంది. రెట్టలు, ఆ కంపు ఒక పక్క. పొద్దువాలాక పసిబిడ్డ గుడ్డలు బయట ఆరేసి ఉంటే, వాటి మీదుగా పక్షి ఎగిరితే, ఆ గుడ్డ కట్టిన బిడ్డకి పక్షి దోషం తగులుతుందని మా అమ్మ చెప్పి పంపింది. బిడ్డ పచ్చగా విరేచనాలు పెట్టి, కాళ్ళు పిట్టకాళ్ళలా చిక్కిపోతాయట. దారిన పోయే ఒక్క పక్షికే అంత మాటంటే, నా దండెం మీదుగా పొద్దస్తమానం మందలు ఎగురుతున్నాయి. పొద్దు ఇంకా రైలుకట్ట మీద ఉండగానే, తడివైనా సరే, పాప పొత్తిగుడ్డలన్నీ లోపలికి లాగేసేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక పళ్ళెం మీద గరిటెతో మోగించి కొంగల్ని తోలబోయాను. మా అత్త వచ్చి గరిటె లాక్కుంది.

"ఏమే నాంచారీ, నువ్వు మీ అమ్మ దగ్గర పురిటి మంచం మీద ఉన్నప్పుడు నీ మొహాన ఎవరన్నా పళ్ళెం మోగించారా?"

తెల్లారి గేటు దగ్గర జీపు ఆగింది.

పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను. వైకుంఠరావు గారు దిగారు. మంత్రిగారు చెరువు ప్రారంభానికి వస్తున్నారు, తేదీ ఖాయమైంది, చెరువులో మాత్రం ఒక్క పక్షి లేదు. ఆయన మా ఇళ్ళ వైపు చూడనే లేదు. గుంట వైపు చాలాసేపు చూసి, వీటి విషయంలో సమాచార లోపం జరిగింది అన్నారు.

ఆ లోపం సరిచేయడానికి మా వరసలో ఉన్న ఒక్క డాబా మీద పెద్ద బోర్డు తెచ్చి, ఆకాశం వైపు తిప్పి వెల్లకిలా పడుకోబెట్టారు. దాని మీద బాణం గుర్తు, పెద్దచెరువు ఇటు అని. తర్వాత మైకు కట్టిన ఆటో వచ్చి గుంట చుట్టూ తిరిగింది.

"గౌరవనీయ అతిథి పక్షులకు పురపాలక సంఘం వారి మనవి. తమకు కేటాయించిన ఆవాసములు పెద్దచెరువు నందు సకల వసతులతో సిద్ధముగా ఉన్నవి. అనధికార ప్రదేశములందు గూళ్ళు నిర్మించుకొనుట తమ స్థాయికి తగదు."

కొంగలు పుల్లలు మోసుకుంటూనే ఉన్నాయి. ఒకటి మాత్రం వచ్చి ఆటో మైకు మీద కాసేపు వాలింది. దాన్ని అంగీకార సూచన కింద రాసుకున్నారు. చివరికి గట్టు దగ్గరి తుమ్మకి ఒక నోటీసు అంటించారు. నేను గుండె చిక్కబట్టుకుని వెళ్ళి చదివాను. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్నయినా మా వరసకి వచ్చే నోటీసులన్నీ నేనే చదివి చెప్పాలి. ఆ నోటీసు మాకు కాదు, పక్షులకే. ఇన్నేళ్ళలో మా గట్టు మీదకి వచ్చిన నోటీసు మాది కాకపోవడం అదే మొదలు. ఆ పూట అన్నం సయించింది.

నోటీసుకి జవాబు రాకపోయేసరికి నగరం నుంచి ఒక సలహాదారుని పిలిపించారు. పట్టణాలు పెరిగితే నీటిపక్షులు ఎక్కడ ఉండాలని కోరుకుంటాయో చదువుకున్న మనిషి. చాలా మర్యాదస్తుడు. మా దొడ్లో కుర్చీ వేసుకుని, దుర్భిణీ కళ్ళకి తగిలించుకుని, నేనిచ్చిన టీ తాగుతూ రోజులు గడిపాడు. కొన్ని పక్షులు ఊరిని చూసి పారిపోతాయని, కొన్ని సర్దుకుంటాయని, ఈ కొంగలు మాత్రం సర్దుకోవడం దాటి ఊరినే ఇష్టపడే దశకి వచ్చాయని నాకు వివరంగా చెప్పాడు.

"మురుగు కూడానా సార్?" అన్నాను.

"అది వాటి దృష్టిలో సదుపాయమండి."

చెరువులో లేనివీ, మా దగ్గర ఉన్నవీ ఆయన ఒక్కొక్కటే రాసుకున్నాడు. మురుగు. రేకుల మీద డిష్షు గొడుగులు. తెల్లారుజామున మైకులో పాట. కుళాయి దగ్గర గంగాభవానికీ రత్తమ్మకీ రోజూ జరిగే తగువు. మా పాప ఏడుపు. తుమ్మచెట్లు రాసుకోలేదు. అవి పట్టణ లక్షణం కాదట.

అన్నిటికన్నా ఎక్కువ గూళ్ళు మా దండెం వెనక ఉన్న తుమ్మ మీద ఉన్నాయని గమనించి ఆయన లేచి నిలబడ్డాడు. దండెం మీద తెల్ల పొత్తిగుడ్డలు వరసగా ఆరుతున్నాయి. అంత ఎత్తు నుంచి చూసే పక్షికి అవి తన చుట్టాలు కూర్చున్నట్టు కనబడతాయని, చుట్టాలున్న చోటే దిగాలనిపిస్తుందని, మొత్తం వ్యవహారానికి మూలం ఇదేనని తేల్చాడు. కాగితంలో వాటికి శిశు వస్త్ర శకలములు అని పేరు పెట్టాడు. అవి మా అమ్మ పాత నేతచీరలు చింపి చేసినవి.

మా ఆయన ఒకరోజు పని నుంచి వచ్చి నవ్వాలో లేదో తెలియనట్టు కూర్చున్నాడు.

"రేపట్నించి చెరువు గట్టు మీద మన ఇల్లు కడుతున్నా" అన్నాడు.

సలహాదారు చెప్పినవన్నీ చెరువు దగ్గర అమర్చాలని వైకుంఠరావు గారు నిర్ణయించారు. నమూనా కుమ్మరిగుంట. మా వరస మొత్తం ఉన్నదున్నట్టుగా లేచింది. మా నీలం తలుపు, దాని పక్కన గోడకి బీట, ఆ బీటలో పెట్టే అగరొత్తి మసి, అన్నీ మా ఆయనే తీర్చాడు. అయితే ముందు గోడ ఒక్కటే, సినిమా సెట్టింగు లాగా. వెనక ఏమీ లేదు. పక్షులు పై నుంచి కదా చూసేది అని నేనంటే, మంజూరు మాత్రం ఎదుటి నుంచి చూసేవాళ్ళ కోసం వచ్చిందన్నాడు. తుమ్మలు నాటుదామా సార్ అని కూడా ఈయన అడిగాడట. అవి కొట్టించినందుకు చెరువుకి పచ్చదనం అవార్డు వచ్చిందని, మళ్ళీ నాటితే ఆ అవార్డు తిరిగి ఇచ్చేయాల్సి వస్తుందని సెలవిచ్చారట. చెరువు నీళ్ళు మరీ శుభ్రంగా ఉన్నాయని మురుగు కావాల్సి వచ్చింది. నిరుడు చెరువులోంచి మురుగు తోడి మా గుంటలో పోసిన టాంకర్లే ఈసారి మా గుంటలో తోడి చెరువులో పోశాయి. డ్రైవర్లకి దారి చెప్పే పని లేకపోయింది.

ఇళ్ళకి మనుషులు కావాలి. గంగాభవానినీ రత్తమ్మనీ జీపెక్కించి తీసుకెళ్ళి, నీళ్ళు రాని కుళాయి పెట్టి, పొద్దునా సాయంత్రం తగువు ఆడమన్నారు. నీళ్ళు రాని కుళాయి దగ్గర వంతు లేదు, వంతు లేకపోతే తగువు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇద్దరూ గట్టు మీద కూర్చుని వక్కాకు పంచుకుని, కోడళ్ళ సంగతులు చెప్పుకుని, స్నేహితులై ఇంటికొచ్చారు. ఇక్కడి కుళాయి దగ్గర కూడా, నువ్వు పట్టుకో వదినా అంటే నువ్వు పట్టుకో అనుకోవడం మొదలుపెట్టారు. అసలు ఆవాసం దెబ్బతింటోందని సలహాదారు కంగారుపడ్డాడు. వెంటనే విరోధం పునరుద్ధరించుకోవాలని ఇద్దరికీ తాఖీదు వచ్చింది. చదివి చెబితే ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

తర్వాత పాప వంతు వచ్చింది.

సాయంత్రం పూట నీళ్ళ ఒడ్డుకి బిడ్డని తీసుకెళ్ళనని మొదట చెప్పేశాను. సహకరించిన కుటుంబాలని పట్టాల విషయంలో దృష్టిలో పెట్టుకుంటారమ్మా అని పిలవడానికొచ్చిన అటెండరు మెల్లగా అన్నాడు. నేను బిడ్డ అరికాలికి కాటుక చుక్క పెట్టి, చెవులు కప్పేట్టు గుడ్డ చుట్టి జీపెక్కాను. చెరువు గట్టు మీద మా ఇంటి గుమ్మంలో కుర్చీ వేశారు. తలుపు తెరిస్తే అవతల చెరువు కనబడుతోంది. మా దండెం లాంటి దండెం మీద దుకాణం నుంచి తెచ్చిన తెల్లగుడ్డలు కట్టారు. పాపని ఏడవమన్నారు.

పాప ఫౌంటెను చూసి నవ్వింది. రంగు మారినప్పుడల్లా కాళ్ళు ఆడించి నవ్వింది. నేను గిల్లలేకపోయాను. వైకుంఠరావు గారే స్వయంగా వంగి, పాపగారూ కొంచెం ఏడవాలి అని, భయపెట్టడానికి కళ్ళు పెద్దవి చేశారు. అది ఆయన కళ్ళజోడు లాక్కుని నోట్లో పెట్టుకుంది. అందరం చీకటి పడే వరకూ చూశాం. శిశువు సహకరించలేదు అని రాసుకుని మమ్మల్ని పంపేశారు.

పట్టా ఆశ అక్కడితో పోయిందనుకున్నాను. వారం తిరగకుండా జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి వైకుంఠరావు గారు గుంట వైపు కాకుండా మా ఇంటి వైపు చూశారు. నీలం తలుపునీ, బీటనీ, రేకునీ పరిశీలనగా చూసి, చాలా బాగా కుదిరింది అన్నారు, ఇదేదో వాళ్ళ దాన్ని చూసి మేము కట్టుకున్నట్టు.

"అసలు ఉండగా నకలుకి ఎవరొస్తారమ్మా? వాటికి ఎంపిక అవకాశం ఇవ్వడమే మేము చేసిన పొరపాటు. ఈ గుంట పూడ్చి, వరస తీసేస్తే, వాటికి మిగిలేది పెద్దచెరువొక్కటే."

"మరి మేము సార్?"

"మీకు నమూనా గృహాలు కేటాయిస్తున్నాం."

"వాటికి వెనక గోడ లేదు సార్."

"అందువల్ల గాలీ వెలుతురూ ధారాళం."

మర్నాడు జేసీబీ వస్తుందన్నారు. నేను సామాను కట్టడం మొదలుపెట్టి, పాప గుడ్డలు మూటకట్టి, మళ్ళీ పాప తడిపితే ఎలా అని మూట విప్పి, మళ్ళీ కట్టాను. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, ఇల్లు పడుతుంటే చూడలేనని కాదు, అదే ఇల్లు అక్కడ ఉంటుంది, ఇక్కడ ఉండదు, ఏది మనదో తెలియడం లేదన్నాడు.

జేసీబీ పొద్దెక్కాక వచ్చింది. వెనకే వైకుంఠరావు గారూ సలహాదారూ వచ్చారు. డ్రైవరు పేరు పోలేరయ్య. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి ముక్కుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ తీసి కంట్రాక్టరు చేతికిచ్చాడు. మీరు కొట్టండి, నేను కొట్టకూడదు అన్నాడు.

అరుగు మీద కూర్చున్న మా అత్త ఆ మాట పట్టుకుంది. మా వైపు కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు కొబ్బరికాయ కొట్టడు, గుమ్మడికాయ కొట్టడు, ఏదీ పగలగొట్టడు.

"ఎన్నో నెల నాయనా?" అని అడిగింది.

"ఎనిమిది పడింది పెద్దమ్మా."

"ఎక్కడుంది?"

"మొన్ననే పుట్టింటికి పంపా."

మా అత్త చెయ్యెత్తి తుమ్మలు చూపించింది. "ఇయ్యి కూడా పుట్టింట్లోనే ఉన్నయ్యి."

పోలేరయ్య తల పైకెత్తాడు. దండెం వెనక గూట్లోంచి బూరు కూడా రాని పిల్లలు మెడలు చాపి నోళ్ళు తెరిచి ఉన్నాయి. తల్లి రెక్కలు గొడుగులా పట్టి నిలబడింది. ఆయన కాసేపు చూసి, బండిలోంచి తాళం చెవి తీసుకొచ్చి వైకుంఠరావు గారి చేతిలో పెట్టాడు.

"బండి ఇదిగో సార్. తమరు తోలుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు."

నిబంధనల ప్రకారం పక్షులకి పుట్టిల్లు అనేది ఉండదని వైకుంఠరావు గారు చెప్పారు. ఆ నిబంధన మా ఆవిడకి తెలవదు సార్ అని పోలేరయ్య తలపాగా చుట్టుకుని గేటు వైపు వెళ్ళిపోయాడు. ఇంకో డ్రైవరుకి ఫోన్ చేశారు. ఆయన ఇంట్లో బాలింత ఉంది. మరొకరికి పెళ్ళి కాలేదు గానీ, ఈ పని చేస్తే ఇక అవదని వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని చెప్పింది.

మంత్రిగారు వచ్చేది తెల్లారే. వైకుంఠరావు గారు మా అరుగు మీద కూలబడ్డారు. మనిషి మొహం చూస్తే నాకే జాలేసింది. మంచినీళ్ళిచ్చాను. సరిగ్గా అప్పుడే మా పాప, చెరువు గట్టు మీద అంతమంది బతిమాలినా ఏడవని పాప, ఉయ్యాల్లోంచి గుక్కపెట్టి ఏడుపు అందుకుంది. కుళాయి దగ్గర, జేసీబీ అడ్డం వచ్చి వంతు తప్పిందని గంగాభవాని రత్తమ్మని అనరాని మాట అంది. గుంట మీద గూడబాతులు బరువుగా దిగాయి. వైకుంఠరావు గారు గ్లాసు కింద పెట్టి, ఒక్కొక్కటీ విన్నారు, చూశారు. సలహాదారు వైపు తిరిగారు.

"మన కాగితాల్లో పెద్దచెరువు దగ్గర ఏమేమి ఉన్నాయని రాశాం?"

"వరస ఇళ్ళు, నీలం తలుపు, మురుగు, తగువు, శిశువు, వస్త్ర శకలములు, పక్షులు."

"ఇక్కడ లేనిది ఏది?"

సలహాదారు చుట్టూ చూశాడు. "కేంద్రం పేరు రాసిన బోర్డు ఒక్కటే లేదండి."

సాయంత్రానికల్లా పెద్దచెరువు దగ్గరున్న ఆ బోర్డు పెరికి తెచ్చి మా గుంట గట్టు మీద పాతారు. మోసిన వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు. మర్నాడు మంత్రిగారు పెద్దచెరువు అతిథి పక్షుల ఆవాస కేంద్రాన్ని మా దొడ్లో ప్రారంభించారు. సిమెంటు చెట్లు ఇంత సహజంగా పోత పోసిన పనివాళ్ళని తుమ్మల వైపు చూపించి మెచ్చుకున్నారు. మా ఇళ్ళు చూసి, పేదవాళ్ళ ఇళ్ళలాగే ఉన్నాయే అని ఆశ్చర్యపోయారు. ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకుని, మురుగు వాసన కూడా తెప్పించారా అని అడిగారు. టాంకర్లతో అండి అని వైకుంఠరావు గారు వినయంగా చెప్పారు.

ఆ తర్వాత జరిగింది చెబితే మా పుట్టింటి వాళ్ళు నమ్మలేదు. కాగితాల ప్రకారం కేంద్రంలో ఉన్న ఇళ్ళు పురపాలక సంఘం వారు ఈ ఏడే కట్టినవి. బోర్డు మా దగ్గరికొచ్చింది కాబట్టి ఆ ఇళ్ళు మావే. అంటే మా మామగారు లేపిన గోడలు సర్కారు కట్టడాలయ్యాయి. సర్కారు కట్టడాన్ని సర్కారు కూల్చకూడదు. సిమెంటు చెట్ల బుట్టలకి కొట్టిన నెంబరు రేకులు ఊడదీసుకొచ్చి మా గుమ్మాలకి కొట్టారు. మా ఇంటికి వచ్చిన రేకు మీద నెంబరు కింద గూడబాతు బొమ్మ ఉంది. కరెంటు బిల్లు ఇప్పుడు ఆ నెంబరు మీదే వస్తోంది.

చెరువు గట్టు మీద మిగిలిన ముందు గోడలు ఏ కాగితంలోనూ లేవు కనక అవి ఆక్రమణలని తేలింది. పోలేరయ్యని పిలిచారు. అక్కడ గూళ్ళు లేవు, ఆయన అభ్యంతరం చెప్పలేదు. కొబ్బరికాయ కంట్రాక్టరే కొట్టాడు. నేను దూరం నుంచి చూశాను. నీలం తలుపు వెనక్కి విరిగి చెరువులో పడింది. ఉత్త ముందు గోడేనని తెలుసు, మా ఆయన తీర్చిన బీటేనని తెలుసు, అయినా పాపని గట్టిగా పట్టుకున్నాను.

ఇల్లు నిలిచింది, షరతులతో. కేంద్రం లక్షణాలు చెడకూడదు. మురుగుకాలవ బాగుచేయించుకోకూడదు. తగువు రోజుకి రెండు పూటలా ఉండాలి. శిశు వస్త్ర శకలములు దండెం మీద అహోరాత్రములు ఉండవలెను, లేని యెడల కట్టడము లక్షణము కోల్పోయినట్లు భావించి తొలగింపబడును. ఆ చివరిది చదివి, నేను వైకుంఠరావు గారి జీపుకి అడ్డం వెళ్ళాను.

"పొద్దువాలాక లోపలికి తెచ్చుకోవచ్చా సార్?"

"అహోరాత్రములు అంటే రాత్రి కూడా కదమ్మా."

ఆ సాయంత్రం పొద్దు రైలుకట్ట మీదకి వచ్చింది. అలవాటుగా దండెం దగ్గరికి వెళ్ళాను. మా అమ్మకి ఫోన్ చేస్తే, గోడలదేముందే, బిడ్డ ముఖ్యం, తీసేయ్ అంది. మా అత్త అరుగు మీద నుంచి చూస్తోంది గానీ తీయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కొంగలు బారులు తీరి నా తల మీదుగా వస్తున్నాయి. ఒక గుడ్డ అంచు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తీస్తే ఇల్లు లేదు. ఉంచితే, ఆ గుడ్డ తెల్లారి నా బిడ్డ ఒంటికి.

వదిలేశాను. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, నా పెళ్ళినాటి నేతచీర తీసి నిలువునా చింపాను. ఆ ముక్కలు పాపకి. వాటిని పొయ్యి పక్కన తాడు కట్టి ఆరబెడతాను, గుమ్మం దాటనివ్వను. దండెం మీదవి సర్కారువి. వాటిని ఎవరికీ కట్టను. ఉతికి, పిండి, మళ్ళీ ఆరేస్తాను. ఎవరూ తడపని గుడ్డలు రోజూ ఉతకడం చూసి మొదట్లో మా ఆయన నవ్వేవాడు. ఇప్పుడు ఆయనే పిండి పెడుతున్నాడు.

ఒక తెల్లారి చూస్తే దండెం మీద ఒక గుడ్డ లేదు. గాలికి పోయిందేమోనని గట్టంతా వెతికాను. మా అత్త పిలిచి పైకి చూపించింది. దండెం వెనక తుమ్మ మీద, ఎర్రకాళ్ళ కొంగ గూట్లో పుల్లల మధ్య మా అమ్మ చీర అంచు కనబడుతోంది. దాని మీద పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి.

"పొత్తిగుడ్డ పెట్టావుగా. ఇక ఆ పురుడు నీదే" అంది మా అత్త.

నెలాఖరుకి తనిఖీ వచ్చింది. వైకుంఠరావు గారు దండెం ఆ చివర నుంచి ఈ చివర దాకా గుడ్డలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఒకటి తక్కువైందన్నారు. నేను గూడు చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, ప్రభుత్వ పరిరక్షణలోని శకలము ఒకటి అతిథి పక్షి చేత ఆక్రమింపబడినది అని రాసుకున్నారు. ఆక్రమణ కాబట్టి పక్షికి నోటీసు ఇవ్వక తప్పదన్నారు.

"పురుడెళ్ళాక ఇవ్వండి సార్" అన్నాను.

ఆయన కాస్త ఆలోచించి, తేదీ దగ్గర ఖాళీ వదిలి, సంతకం పెట్టి జీపెక్కారు. జీపు గేటు దాటి వెళ్ళిపోయాక పాప నా కొంగు పట్టుకుని లేచి నిలబడింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, జీపు వచ్చినప్పుడు నేను దాన్ని ఎత్తుకోలేదని.